డొల్లగా మోగిన కప్పు

గోదావరిఖని,
8 డిసెంబర్ 2025

నా ఫోన్ నంబరును గడప దాటనివ్వని అక్కకు,

తమ్ముడు లింగమూర్తి దండం పెట్టి రాస్తున్నాడు. నువ్వు కోరినట్టే కాగితం మీద రాస్తున్నాడు. మనిద్దరి మధ్య ఉన్నది ఒక గోదావరి, రెండు బస్సులు. అయినా ఈ కవరు నాలుగు రోజులు ఊళ్లు తిరిగి చెన్నూరు చేరుతుంది. పోస్టాఫీసులో కవరు అడిగితే కిటికీ వెనక పిల్ల నన్ను పైనుంచి కిందికి చూసి, "కోర్టు కేసా అంకుల్?" అన్నది. "అంతకంటె పెద్దది బిడ్డా, మా అక్క" అన్నాను.

తప్పు నాదేలే. నవంబరులో పింఛన్ ఆఫీసరు గొంతు పెట్టి బావకు ఫోన్ చేసి, "పోశం గారూ, మా రికార్డులో మీరు చనిపోయారు, బతికే ఉన్నట్టు ఇద్దరు సాక్షులను తీసుకొని రండి" అన్నది నేనే. బావ నమ్ముతాడనుకోలేదు. నమ్మినా ఆ కుంటికాలితో మంచిర్యాల దాకా పోతాడనుకోలేదు. పోయినా, సాక్షులుగా పాలాయననూ, గోడ తగువులో తన మీద కేసు వేసిన పక్కింటాయననూ తీసుకుపోతాడని అసలే అనుకోలేదు. బావ బతికే ఉన్నాడని ఆ పక్కింటాయన సంతకం పెట్టేటప్పుడు ఎంత బాధపడి ఉంటాడో తలచుకుంటే మాత్రం ఇప్పటికీ నవ్వొస్తుంది. సరే, నవ్వను.

"నోటికి వంద గొంతులు పెడ్తవు, చేతికి ఒక్కటే రాత. ఇగ రాసే మాట్లాడు" అని నువ్వు నా నంబరు బంద్ చేసినప్పటి నుంచి నాకు బుద్ధి వచ్చింది. కొంచెం వచ్చింది. ఉత్తరమంటే పుస్తకం భాషలో రాయాలని ఏడో తరగతిలో సారు బెత్తంతో నేర్పాడు. ఆ తర్వాత నేను బడి మొహం చూడలేదు గనుక ఆ భాష వాడకం లేక కొత్తగానే ఉన్నది. మధ్యలో మన మాట దూరితే సర్దుకో.

అసలు సంగతి. శ్రీలేఖ హోటల్‌కు పోయి వచ్చాము. నీ బిడ్డ అరకు పక్క గుట్ట మీద కొత్తగా తెరిచిన ఆ 'మేఘమాల' రిసార్టులో కౌంటర్ కొలువు తెచ్చుకోవడం, పనిచేసేవాళ్ల తల్లిదండ్రులకు ఒక రాత్రి ఉచితమని వాళ్లు చీటీ ఇవ్వడం, బావ కాలు అన్ని మెట్లు ఎక్కదని మీరు ఆ చీటీని మా ఆలుమగలకు, నాకూ మమతకూ ఇవ్వడం, ఇదంతా నీకు తెలిసిందే. బావ కాలు నలిగిన తర్వాత ఆ ఇంట్లోంచి డ్యూటీకి పోయిన మొదటి మనిషి శ్రీలేఖ. నల్లకోటు వేసుకొని కౌంటర్ వెనక నిలబడి, నన్ను "వెల్‌కమ్ సర్" అన్నది. నేను వెనక్కి తిరిగి చూశాను, ఎవరైనా సార్ వచ్చాడేమోనని. ఆరు నెలలు చూసి పర్మనెంటు చేస్తారట. ఇంకా నాలుగు నెలలున్నాయి.

ఆ హోటల్‌లో తాళంచెవి ఉండదు. ఒక కార్డు ఇస్తారు, తలుపుకు చూపితే తెరుచుకుంటుంది. మనకేమో బొగ్గుబాయి దిగేముందు నంబరు బిళ్ళ తీసుకొని, ఎక్కినాక అప్పజెప్పే అలవాటు. బిళ్ళ రాకపోతే మనిషి లోపలే ఉండిపోయాడని వెతుకుతారు కదా. అందుకని నేను చాయ్ తాగడానికి బయటికి వచ్చినప్పుడల్లా కార్డు శ్రీలేఖ చేతిలో పెట్టి, "రాసుకో బిడ్డా, మామ పైకి వచ్చిండు" అన్నాను. నాలుగోసారి, "మామా, ఇది నీ దగ్గరనే ఉంచుకోవచ్చు" అని చెవిలో చెప్పింది. రూంలో స్నానాల గదికి గోడకు బదులు అద్దం ఉన్నది. మమత దాని మీద తన చీర ఆరేసి, "కట్టినోనికి పెండ్లాం లేదా" అన్నది. కిటికీ తెరిస్తే మబ్బు నేరుగా లోపలికి వచ్చింది. నేను నోరు తెరిచి చూస్తుంటే, "తలుపు పెట్టు, తువ్వాల ఆరది" అన్నది.

పొద్దున తిండి కాడ ముప్ఫై గిన్నెలు వరుసగా పెట్టారు. పేర్లు తెలియక, రెండు గిన్నెల్లోవి కలిపి మక్కజొన్న అటుకుల్లో సాంబారు పోసుకొని తిన్నాను. బాగానే ఉన్నది. ఆ గిన్నెలు చూస్తుంటే బాయిలో నాతో పనిచేసే ముజఫర్ కొట్టేసిన నా మూడు గిన్నెల టిఫిన్ డబ్బా గుర్తుకొచ్చింది. పన్నెండేళ్లయింది, వాడు ఇప్పటికీ ఒప్పుకోడు. నేనూ ప్రతి రంజాన్‌కు వాడింటికి పోయి జరిమానా కింద రెండు గిన్నెల షీర్‌ఖుర్మా తాగనిదే లేవను.

పొద్దున ఒక చిన్న తమాషా కూడా జరిగినది. అతిథులందరూ ఎంతో ఆనందించినారు. శ్రీలేఖకు మంచి పేరు వచ్చినది. మేనేజర్ గారు మమ్ములను మర్యాదగా సాగనంపినారు.

బావకు దండాలు.

నీ మాట విని కాగితం పాడుచేస్తున్న,
లింగమూర్తి


చెన్నూర్,
13 డిసెంబర్

తమ్మునికి,

నేను మాట్లాడినట్టే రాస్త, నాకు పుస్తకం భాష రాదు. పెద్ద పెద్ద అక్షరాలతోటి రాస్తున్న, కాగితాలు ఎక్కువైతయి, ఓపికతోని చదువు.

నీ ఉత్తరం ముట్టింది. కార్డు, అద్దం, మబ్బు, సాంబారు అన్నీ మంచిగనే రాసినవు. ఆఖరుకు 'చిన్న తమాషా' అని దాటేసినవు చూడు, ఆడనే దొరికినవు. నువ్వు నిజం రాస్తె అక్షరాలు కోడి గీకినట్టు ఉంటయి. అబద్ధం రాస్తె కాపీ పుస్తకంల లెక్క గుండ్రంగ వస్తయి. చిన్నప్పుడు బడికి పోకుంట 'జ్వరం వచ్చినది' అని చీటీ రాసినప్పుడు గూడ గిట్లనే ముత్యాలు పెట్టినవు. రెండు పేజీలు కోడి గీకుడు, కింద నాలుగు వరుసలు ముత్యాలు.

శ్రీలేఖ నిన్న ఫోన్ చేసింది. ముందు ఏడ్వలే. "అమ్మా, నన్ను కౌంటర్ మీదికెల్లి తీసి దుప్పట్లు మడతపెట్టే కాడ ఏసిన్రు" అన్నది, అప్పుడు ఏడ్చింది. నువ్వు పొద్దుపొద్దున హోటలంత లేపి బయట నిలబెట్టి, మేనేజర్ అడిగితె తమాషాకు చేసిన అన్నవట. ఎవలో పెద్దమనిషి ఫోన్ల అయిదు చుక్కలకు ఒక్క చుక్కనే పెట్టి హోటల్‌ను తిట్టి రాసిండట. నీ చుట్టానికి నువ్వు చీటీ ఇస్తివి, నువ్వే జవాబు చెప్పు అని నా బిడ్డకు మెమో ఇచ్చిన్రు. ఈ నెల ముప్ఫై ఒకటి దాక గడువు.

ఒక్కటి అడుగుత, నిజం చెప్పు. నేను నీ ఫోన్ బంద్ చేసిన కోపం నా బిడ్డ మీద తీసినవా? నా మీద తీయి, పడ్త. మీ బావను ఏడిపిచ్చినవు, నవ్వి ఊకున్నడు. అది మొదటిసారి తన కాళ్ల మీద నిలబడ్డ పిల్ల.

ఏం చేస్తవో నాకు తెల్వది. ఆ మేనేజర్‌కు రాయి. బతిమాలి రాయి.

మీ అక్క,
సారవ్వ


గోదావరిఖని,
17 డిసెంబర్

నా అక్షరాలను కూడా నమ్మని అక్కకు,

నీ మీద కోపం నాకెందుకుంటుంది? నా మీద నీకు ఉన్న కోపమే మనిద్దరికీ సరిపోయేంత ఉన్నది.

సరే, జరిగింది జరిగినట్టు చెబుతాను. నాకు మొదటి షిఫ్టు అలవాటు గనుక ఐదింటికి మెలకువ వచ్చింది. అక్కడ ఏడింటి దాకా చాయ్ పుట్టదు. ఊరికే కూర్చుంటే నా బుర్ర ఎట్లాంటిదో నీకు తెలుసు. గుట్ట ఎక్కేవాళ్లకని రూంలో ఒక వెదురు కర్ర పెట్టారు. అది తీసుకొని మంచం మీద నిలబడి కప్పును తట్టాను. బాయిలో మేము చేసే పనే అది. ఒక చెయ్యి కప్పుకు ఆనించి, ఇంకో చేత్తో కర్రతో తట్టి వింటాము. రాయి గట్టిగా ఉంటే టంగుమంటుంది. పొర విడిచి ఉంటే డొల్లగా డబ్బుమంటుంది. డబ్బుమన్న కప్పు కింద మనిషి నిలబడకూడదు.

ఆ హోటల్ కప్పు ఈ మూల నుంచి ఆ మూల దాకా పెండ్లి డప్పు మోగినట్టు మోగింది. దాంతో నాకు తమాషా బుద్ధి పుట్టినది. మమతను లేపి బయటికి పంపి, వరండాలో ప్రతి తలుపూ బాదినాను. "కప్పు ఇడిసింది, నడువుండ్రి, జల్ది" అని అరిచాను.

ఐదో రూంలో భీమశంకరం గారని రిటైరైన హెడ్మాస్టరు, కాకినాడ మనిషి. తలుపు తీసి, "ఏమైందండీ? నా పళ్లు లోపల గ్లాసులో ఉన్నాయండీ" అన్నాడు. అది అర్థం కావడానికి నాకు కొంచెంసేపు పట్టింది, ఎందుకంటే పళ్లు లేకుండా చెప్పాడు.

"పండ్లు తర్వాత సార్, ముందు పానం" అన్నాను.

ఆయన భార్య చంద్రమతమ్మ వెనక నుంచి వచ్చి, "ఆ పళ్లు అక్కడే ఉండనివ్వు బాబూ, కాసేపు నాకూ ప్రశాంతంగా ఉంటుంది" అని ఆయన్ను తోసుకుంటూ బయటికి నడిచింది.

పది నిమిషాల్లో పదకొండు మంది పచ్చగడ్డి మీద, పొగమంచులో, హోటల్ వాళ్ల తెల్లటి రజాయిలు కప్పుకొని నిలబడ్డారు. మొహాలు కనపడవు. ఒకాయన చాలాసేపు వేరే ఆమె చెయ్యి పట్టుకొని ధైర్యం చెప్పాడు. మేనేజర్ పృథ్వీరాజ్ గారు నిద్ర ప్యాంటు మీద టై కట్టుకొని ఉరికి వచ్చాడు. సంగతి విని, "సర్, అది ఫాల్స్ సీలింగ్ సర్. సన్నటి పలక. దాని పైన జానెడు ఖాళీ, ఆ పైన అసలు స్లాబు. ఖాళీ ఉంటే మోగదా సర్" అన్నాడు, చిన్నపిల్లగానికి చెప్పినట్టు.

నేను పెద్దగా నవ్వినాను. "తెలుసు సార్, ఉట్టిగనే, తమాషాకు" అన్నాను. నేనొక్కడినే నవ్వినాను. శ్రీలేఖ నల్లకోటు గుండీలు పెట్టుకుంటూ అప్పుడే వచ్చి నిలబడింది. ఆ పిల్ల మొహం గురించి రాయను.

నువ్వు చెప్పినట్టే మేనేజర్‌కు ఉత్తరం రాశాను. నకలు ఇక్కడ రాస్తున్నాను, చూడు, ఎంత పద్ధతిగా ఉన్నదో:

'మేనేజర్ గారికి నమస్కారములు. నేను చేసినది కేవలము తమాషా. మీ హోటల్‌లో ఏడింటి దాకా చాయ్ దొరకదు కావున అతిథులకు కాలక్షేపము కల్పించితిని. కొండగాలి ఆరోగ్యమునకు మంచిది. ఊళ్లో నన్ను ఎరిగిన వారెవరిని అడిగినా నేను ముప్ఫై ఏళ్లుగా ఇటువంటివే చేయుచున్నానని చెప్పుదురు. నా మేనకోడలికి ఇందులో సంబంధము లేదు. మీకు నచ్చినచో నెలకొకసారి వచ్చి ఉచితముగా లేపి పోగలను.'

ఇది చదివితే ఆయన నవ్వకుండా ఉండలేడు. మనిషి ఒకసారి నవ్వితే మెమో చింపడం ఎంతసేపు.

బావను నవ్వమను. నువ్వు కూడా ఒకసారి ప్రయత్నించు.

లింగమూర్తి


చెన్నూర్,
22 డిసెంబర్

లింగమూర్తికి,

నవ్వలేదు. ఆ మేనేజర్ నవ్వలేదు. నీ ఉత్తరాన్ని శ్రీలేఖ ముందట పెట్టి, "చూడు, మీ మామ కావాలని చేసినట్టు తన చేతితోనే రాసి ఇచ్చిండు, ఇంక నువ్వు చెప్పేది ఏముంది" అన్నడట. మొన్నటి దాక మాట తొందరపడ్డదని అనుకున్నరు. ఇప్పుడు కాగితం ఉన్నది. ముప్ఫై ఒకటి తర్వాత బ్యాగు సర్దుకొమ్మని ఆడ పనిచేసే పిల్లలు చెప్పుకుంటున్నరట. శ్రీలేఖ నిన్ను ఒక్క మాట అనలేదు. "మామ అట్లనే, అమ్మా" అన్నది. అది తిట్టినా బాగుండు.

ఇంట్ల ఆ పండ్ల ముచ్చట కాడ మీ బావకు నవ్వు వచ్చింది. నేను చూస్తె మూతి తిప్పుకున్నడు. మీరిద్దరు ఒక్కటే మట్టి.

ఇంకొకటి. ఇది నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నది, నేను చెప్తున్న. మొన్న మమత ఫోన్ చేసింది. "వదినె, ఆయన తమాషా చెయ్యలే. నా రెక్క పట్టి మంచం మీదికెల్లి గుంజి, చెప్పులు గూడ ఏసుకోనియ్యకుంట బయటికి తోలిండు. గడ్డి మీద నిలబడ్డంక గూడ నా చెయ్యి ఇడిసిపెట్టలే. ఆ మేనేజర్ ఖాళీ సంగతి చెప్పినంకనే ఈయన నవ్విండు" అన్నది.

నేను ఆలోచన చేసిన. ఇన్నేండ్లు బాయిల పనిచేసినోనివి, నీకు భయమేంది? నీ పోయిన ఉత్తరం మళ్ళ పట్టుకొని చూసినం. 'దాంతో నాకు తమాషా బుద్ధి పుట్టినది' అన్న కాడ ముత్యాలే ముత్యాలు.

తమ్మీ, నాకు తమాషా వద్దు. ఆ పొద్దు ఏమైందో కోడి గీకినట్టు రాయి. నా బిడ్డ కొలువు ఇప్పుడు నీ రాత మీద ఉన్నది.

సారవ్వ


గోదావరిఖని,
26 డిసెంబర్

అక్కా,

ఈ కాగితం నువ్వొక్కదానివే చదువు. చదివి పొయ్యిలో పెట్టు. బావ కంట పడనివ్వకు.

నేను భయపడ్డాను. తమాషా లేదు, ఏమీ లేదు. పైన ఆ కప్పు డబ్బుమనగానే కర్ర పారేసి మంచం మీంచి దూకాను. ఫాల్స్ సీలింగ్ అన్నది నాకు తెలియక కాదు. బ్యాంకులో, బంగారం కొట్టులో దాని కింద నేనూ నిలబడ్డాను. కానీ ఎవడైనా బంగారం కొట్టుకు పోయి కప్పు తట్టి చూస్తాడా? ఎప్పుడూ తట్టలేదు, అది ఎట్లా మోగుతుందో ఎప్పుడూ వినలేదు. వినగానే నేను మళ్లీ బాయిలో ఉన్నాను. మేనేజర్ జానెడు ఖాళీ అన్నాక సిగ్గు వచ్చింది. ఇరవై ఆరేళ్లుగా బాయిలో కప్పుకు దన్ను కట్టే సపోర్ట్‌మన్‌ను, ఊరందరినీ ఏడిపించేవాణ్ణి, సున్నం పలకకు భయపడి ఆలిని గుంజుకొని ఉరికాను అని అంతమంది ముందు ఎట్లా చెప్పను? భయస్థుడి కంటే తుంటరి మేలు అనుకున్నాను. అది శ్రీలేఖ మెడకు చుట్టుకుంటుందని నవ్వేటప్పుడు తోచలేదు. తోచాక కూడా మేనేజర్‌కు ఆ మొదటి ఉత్తరం అట్లానే రాశాను చూడు, నా అంత మొండివాడు లేడు.

అసలు ఎందుకు తట్టాను అంటావా? నేను కొత్తచోట ఎక్కడ పడుకున్నా తడతాను. పెండ్లికి పోయినా, సత్రంలో దిగినా, రైల్లో పై బెర్తు కింద పడుకున్నా. జనం చూస్తే మమత, "ఆయనకు తమాషాలు ఎక్కువ" అని సర్దుతుంది. ఆ హోటల్‌కు పోయేముందు మాత్రం, "పెద్దోళ్ల జాగ, తట్టనని ఒట్టు పెట్టు" అన్నది. పెట్టాను. రాత్రంతా మెత్తటి పరుపు మీద కండ్లు తెరుచుకొని కప్పును చూస్తూ పడుకున్నాను. ఐదింటికి నా వల్ల కాలేదు.

పన్నెండేళ్ల నుంచి ఇదే. ఎందుకో నీకు చెప్పాలి. బావ కాలు నలిగిన దినం, కప్పు తట్టాల్సింది నేను.

బ్లాస్టింగ్ అయ్యి పొగ పోయినాక సపోర్ట్‌మన్ ముందు పోయి కప్పు తట్టాలి. అప్పటి దాకా అడ్డకర్ర పెట్టి ఎవరినీ లోపలికి పోనివ్వరు. ఆ దినం పొద్దున నేను బావ నీళ్ల డబ్బాలో ఉప్పు కలిపాను. బావ గటగట తాగి ఉమ్మిన తీరు ముజఫర్‌కు చేసి చూపిస్తూ నవ్వుతున్నాను. మా మీద అజమాయిషీ చేసే సర్దార్ దూరం నుంచి "ఏమైంది, తట్టినవా?" అని అరిచాడు. నేను నవ్వు ఆపుకోలేక, తట్టకుండానే "ఓకే" అన్నాను. రెండు నిమిషాలు కాలేదు, లోపల కప్పు పడ్డది. దాని కింద బావ ఉన్నాడు.

నా ఓకే విని పోయాడు, అక్కా. విచారణలో అడిగితే, "గడ్డపార మర్చిపోయి నా అంతట నేనే పోయిన, ఎవల తప్పు లేదు" అన్నాడు. నన్ను కాపాడడానికి అట్లా చెప్పాడని నాకు తెలుసు. ఆ మాట నేనూ ఎత్తలేదు, బావా ఎత్తలేదు. ఎత్తకుండా ఉండడానికే బావను కనపడ్డప్పుడల్లా ఏడిపిస్తున్నాను. నవ్వుతున్నంతసేపు బావ నన్ను ఏమీ అడగడు కదా. ఆ పింఛన్ ఫోన్ కూడా అందుకే. చాలా రోజులు మాట్లాడకపోతే నాకు భయం వేస్తుంది.

మేనేజర్‌కు ఇవాళ మళ్లీ రాశాను. ఇంతే రాశాను: 'సార్, నేను తమాషా చేయలేదు. భయపడ్డాను. కప్పు తట్టి, విని, మనుషులను పంపేది నా పని. మీ కప్పు డొల్లగా మోగింది. అది అట్లానే మోగుతుందని నాకు తెలియదు. నవ్వింది సిగ్గుతో. ముందు రాసిన ఉత్తరం అబద్ధం. పిల్లకు ఏమీ తెలియదు. నన్ను ఏమైనా అనండి.'

స్పీడ్ పోస్టులో పంపాను. కిటికీ వెనక పిల్ల, "కేసు గెల్చినవా అంకుల్?" అన్నది. రసీదు తీసుకొని వచ్చాను.

నన్ను తిట్టాలనుకుంటే పెద్ద అక్షరాలతోనే తిట్టు.

లింగమూర్తి


చెన్నూర్,
3 జనవరి 2026

బామ్మర్దికి,

రాత మారిందని పరేషాన్ కాకు. నేను, పోశాన్ని. సచ్చినోళ్ల లిస్టుల లేను, సాక్షులు ఉన్నరు.

మీ అక్కకు రెండు కండ్లల్ల పొర వచ్చి ఏడాదాయె. మార్చిల ఆపరేషన్. పెద్ద అక్షరాలతోటి రాసుడు ఆమెనే రాస్తది, చిన్న అక్షరాలు చదువుడు మాత్రం నేనే. నీకు చెప్పొద్దన్నది. తెలిస్తె దవాఖాన డాక్టర్ గొంతు పెట్టి ఫోన్ చేస్తవని ఆమె ఫికరు. అంటే ఇప్పటిదాక నువ్వు రాసిన ఉత్తరాలన్నీ పైకి చదివింది నేను. ముత్యాలు ఏడున్నయో కోడిగీకుడు ఏడున్నదో పట్టిచ్చింది నేను. 'బావ కంట పడనివ్వకు' అన్న ముక్క గూడ నేనే చదివిన. చదివి ఆగిన. "ఆగినవేంది, చదువు" అన్నది. చదివిన.

ముందు పిల్ల ముచ్చట. నీ రెండో ఉత్తరం ముట్టినంక మేనేజర్ కెమెరాల పడ్డ బొమ్మ తీసి చూసిండట, శ్రీలేఖను గూడ పిలిచి చూపెట్టిండు. వరండాల నువ్వు ఒక్కొక్క తలుపు బాది, అందర్ని ముందట నడిపి, మళ్ళ ఎనుకకు పోయి రూములు తొంగిచూసి, ఆఖరుకు నువ్వు బయటపడ్డవట. "తమాషాకు చేసెటోడు ఆఖరుకు రాడు" అన్నడట ఆ మేనేజర్. నీ ఉత్తరం ఆ హెడ్మాస్టర్ సారుకు ఫోన్ల చదివి ఇనిపిస్తె, ఆయన తిట్టి రాసింది తీసేసి, "నన్ను పళ్లు లేకుండా లాక్కొచ్చాడు గానీ, నన్ను వదిలేసి మాత్రం పోలేదండీ" అన్నడట. పిల్ల మళ్ళ కౌంటర్ మీదికి వచ్చింది. మెమో వాపస్ తీసుకున్నరు. ఇప్పుడు ఆ హోటల్ల ప్రతి రూముల ఒక అట్ట పెట్టిన్రు: 'ఇది ఫాల్స్ సీలింగ్. దయచేసి తట్టవద్దు.' నీ పేరు రాయలే, అంత మంచోళ్లు.

ఇగ నా ముచ్చట. ఇది మీ అక్కకు గూడ మొన్ననే చెప్పిన, నీ కాగితం చదివినంక.

ఆ దినం నువ్వు 'ఓకే' అన్నది నేను విననే లేదు. నువ్వు అనకముందే అడ్డకర్ర దాటి లోపలికి పోయిన. ఎందుకంటె నీళ్లల్ల ఉప్పు కలిపింది నువ్వని నాకు తెలుసు, నోరంత ఇంక ఉప్పగనే ఉండె. నువ్వు ముజఫర్‌కు నా నకలు చేసి చూపెడుతుంటె ఎనుకనుంచి నీ టిఫిన్ డబ్బా లేపిన. కప్పుకు పోటు పెట్టిన ఆఖరు దిమ్మెకు తలిగిచ్చి వస్తె, బువ్వ యాళ్లకు నువ్వు ఏడ్చుకుంట వెతుకుతుంటె చూద్దామని. తలిగిచ్చిన. వాపస్ తిరిగిన. అప్పుడు పడ్డది.

విచారణల గడ్డపార అని చెప్పింది నిన్ను కాపాడెతందుకు కాదుర. నా ఇజ్జత్ కాపాడుకునెతందుకు. నలభై దాటిన మనిషి బామ్మర్ది కోడిగుడ్డు కూర దాచవోయి కాలు పోగొట్టుకున్నడు అంటె బాయిల ఎవడన్న ఊకుంటడా? పన్నెండేండ్లు ఇద్దరం ఒక్క ముచ్చటనే రెండు దిక్కుల నుంచి దాచినం. నువ్వు తట్టకుంట ఓకే అనుడు తప్పే, అది నేను కాదన. కాని నా కాలు నీ ఓకే కింద పడలే. నా బుద్ధి కింద పడ్డది. మీ అక్క ఇద్దర్ని కలిపి తిట్టింది. నిన్ను తిట్టుడు అయిపోయింది. నన్ను ఇంక తిడుతనే ఉన్నది, నువ్వు అదృష్టవంతునివి, దూరం ఉన్నవు.

ముజఫర్ నీ డబ్బా ముట్టలే. పన్నెండు రంజాన్‌లు ఆ మనిషిని దొంగను చేసి షీర్‌ఖుర్మా తాగి వచ్చినవు. ఈసారి మీ ఇంట్ల వండిచ్చి గంజెడు మోసుకపో. నా పేరు చెప్పు, నన్నేమన్న అంటె పడ్త. డబ్బా అడుగుతవేమో, అది ఆ దిమ్మెకే ఉన్నది. ఆ జాగ ఎప్పుడో మూసేసిన్రు.

తట్టుడు మానెయ్యమని నేను చెప్పను. నాకు గూడ రాత్రి నిద్రల ఆ చప్పుడు వస్తది. మా ఇంటికి వచ్చినప్పుడు నీకని గూట్ల ఒక కర్ర పెట్టిన. మాది పెంకుటిల్లు, నెమ్మదిగ తట్టు, పెంకులు జారుతయి. నువ్వు తట్టు, నేను పక్కన నిలబడి చెవి పెట్టి ఇంట. ఇద్దరం ఇని, ఇద్దరం అన్నంకనే ఓకే.

మీ అక్క నీ నంబరు ఇడిసిపెట్టింది. ఐతారం పొద్దున తొమ్మిదింటికి ఫోన్ చెయ్. నేనే ఎత్తుత. ఆఫీసర్ గొంతు, డాక్టర్ గొంతు ఏదీ పెట్టకు. నీ గొంతు ఎట్లుంటదో మర్చిపోయినం, అది ఇనిపియ్.

బతికే ఉన్న మీ బావ,
పోశం